పాత కోళ్లలో కొత్త పెట్టల్ని ఎలా కలపాలి?

పెరటిగూడు:
మా పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. అన్నీ ఏడాది దాటినవే. ఇప్పుడు పది వారాల పెట్టపిల్లలు మూడు తెస్తున్నాను. చీకటి పడ్డాక గూట్లో దండెం మీద పెట్టేస్తే తెల్లారేసరికి కలిసిపోతాయని కొందరంటున్నారు, నిజమేనా? గూడు 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. బయట జాలీ కట్టిన దొడ్డి 100 చదరపు అడుగులు. పిల్లలకి టీకాలు పడ్డాయో లేదో అమ్మేవాళ్లకే సరిగ్గా తెలియదు.

రెట్టపరీక్ష:
దండెం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మూడింటినీ 30 రోజులు దూరంగా ఉంచండి. అదే దొడ్డిలో జాలీ అడ్డం కట్టేసి విడిగా ఉంచామనుకుంటే లాభం లేదు. తుమ్ము తుంపర్లు, ఎండిన రెట్ట దుమ్ము జాలీకి ఆగవు. కనీసం 10 మీటర్ల ఎడం ఉండాలి, వాటి మీదుగా వచ్చే గాలి పాతవాటి వైపు కొట్టకూడదు. మేతా నీళ్లూ ముందు పాతవాటికి, ఆ తర్వాతే కొత్తవాటికి. చెప్పులు, గిన్నెలు, చీపురు వేరువేరుగా పెట్టుకోండి. చాలా ఇళ్లలో తెగులు మోసేది మనుషుల చెప్పులే.

30 రోజులు ఎందుకంటారా? కొక్కెర తెగులు బయటపడటానికి 2 నుంచి 15 రోజులు పట్టొచ్చు. మైకోప్లాస్మా అనే శ్వాస తెగులు ఇంకా మొండిది. జబ్బు తగ్గిన కోడి చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది గానీ, చోటు మారిన ఒత్తిడికి మళ్లీ గురక, కంట్లో నురగ, ముక్కు కారడం మొదలవుతాయి. దానికి వ్యవధి ఇవ్వాలి.

ఈలోగా రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి చూడండి. ఈక మొదట్లో తెల్లటి గుడ్ల గుత్తులు కనిపిస్తే పేలే. కాళ్ల పొలుసులు పైకి లేచి గరుగ్గా ఉంటే అక్కడ పురుగు చేరినట్టు. పేలమందు ఒక్కసారి వేసి ఊరుకోకండి. అది గుడ్లని చంపదు కాబట్టి 7–10 రోజులకి మళ్లీ వేయాలి. కోళ్లు వచ్చిన బుట్టనో పెట్టెనో గూడు దగ్గరికి రానివ్వకండి, రాత్రిపూట రక్తం తాగే ఎర్ర పురుగులు పగలు ఆ సందుల్లోనే దాక్కుంటాయి. రెట్టని పరీక్షకి ఇస్తే ఏలిక పాములు, రక్తపారుడు రెండూ తెలుస్తాయి.

టీకా అనుమానమైతే, పిల్లలు హుషారుగా ఉన్నాయని తేలాక మొదటి వారంలోనే పశువైద్యుడి చేత కొక్కెర తెగులు టీకా వేయించండి. రక్షణ వచ్చేసరికి సుమారు రెండు వారాలు పడుతుంది. జబ్బుగా ఉన్నదానికి వేయించకండి.

ఇంత చేసినా లోలోపల తెగులు మోసే కోడి దొరక్కపోవచ్చు. అందుకే చివరి రెండు వారాలు పాతవాటిలో ఒక పెట్టని తెచ్చి వీటితో ఉంచండి. దానికేమైనా వస్తే మిగతా ఆరూ బతికిపోతాయి. ఆ పెట్ట మాత్రం గడువు తీరేదాకా వెనక్కి వెళ్లకూడదు.

జాలీదొడ్డి:
పై మాటకి కొనసాగింపు. పది వారాల పిల్ల ముదురు పెట్ట ముందు నిలవలేదు. 30 రోజుల తర్వాత ఇంకో రెండు వారాలు జాలీకి అటూ ఇటూ ఉంచితే పదహారు వారాలు నిండుతాయి, ఒళ్లూ దాదాపు సమానమవుతుంది. వయసు కంటే ఒళ్లే లెక్క. కింది రెండడుగులకి అరంగుళం కన్నాల జాలీ వేయండి, లేకపోతే తల దూర్చి పొడిపించుకుంటాయి. మేత గిన్నెలు జాలీకి రెండు వైపులా ఆనించి పెడితే ఎదురెదురుగా తినడం అలవాటవుతుంది.

చీకట్లో కళ్లు కనపడవు కాబట్టి రాత్రి పోట్లాట ఉండదు. తెల్లారాక తలుపు మూసిన గూట్లో పారిపోయే దారి లేక కొత్తవి చిక్కిపోతాయి. ఆ పద్ధతే చేయాలనుకుంటే వెలుగు రాకముందే తలుపు తీయడానికి మనిషి ఉండాలి. నన్నడిగితే సాయంత్రం, పొద్దు గుంకడానికి గంట ముందు బయట దొడ్డిలో కలిపి రోజురోజుకీ సమయం పెంచడమే మేలు.

తరమడం, ఒక పోటు పొడవడం, ఈక పీకడం మామూలే. పెత్తనం తేలేదాకా వారం పది రోజులు సాగుతుంది, ప్రతిదానికీ మధ్యలో దూరకండి. రక్తం కనిపిస్తే మాత్రం ఆ క్షణమే తీసేయాలి. ఎరుపు చూస్తే మిగతావన్నీ ఎగబడి చంపేస్తాయి కూడా. గాయం కడిగి, ఎండేదాకా జాలీ అవతల, మిగతావి కనిపించే చోటే ఉంచండి. పూర్తిగా కనుమరుగు చేస్తే మళ్లీ కొత్త కోడే అవుతుంది. ఒకే పెట్ట అదే పనిగా వేధిస్తుంటే దాన్ని 3–4 రోజులు విడిగా పెట్టండి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం సడలుతుంది.

రాత్రి దండెం మీద ఉన్నప్పుడు కొత్తవాటి మెడ కింద మేతసంచి తడమండి. ఖాళీగా తగిలితే వాటిని తిననివ్వడం లేదన్నమాట.

దాణాలెక్క:
ఎవరూ అడగనిది ఒకటి. మీ గూడు 30 చదరపు అడుగులు. మామూలుగా కోడికి 4 చొప్పున చూసుకుంటారు, పదింటికి 40 కావాలి. పగలంతా దొడ్డిలో ఉంటే ఎలాగో గడుస్తుంది, వాన పట్టి లోపల ఉండిపోయే రోజుల్లోనే పొడుచుకోవడం మొదలవుతుంది. వీలైతే ముందే పెంచండి. దండెం మీద కోడికి 8–10 అంగుళాలు కావాలి. మీ గూట్లో 6 అడుగుల దండేలు రెండు, ఒకే ఎత్తులో, అడుగు ఎడంగా కట్టండి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం అయితే ఎత్తుదాని కోసం రోజూ యుద్ధమే.

గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 3.5–4 శాతం ఉంటుంది. ఇంకా గుడ్డుకి రాని పిల్లలు దాన్నే రోజూ తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందరికీ గ్రోయర్ దాణా (ఎదిగే పిల్లలది, కాల్షియం తక్కువ) పెట్టి, గుల్లపొడి వేరే గిన్నెలో ఉంచండి, కావలసిన పెట్ట అదే తింటుంది. మేత, నీళ్లు రెండేసి చోట్ల పెట్టండి, ఒకచోటు నుంచి రెండోది కనపడకూడదు. దొడ్డిలో గోడకి ఒక చెక్క వాల్చితే దాని వెనక దాక్కుంటాయి. రెండు వైపులా దారి ఉండాలి సుమా.

పెరటిగూడు:
మూడింటిలో ఒకటి పుంజుపిల్లని తేలితే?

జాలీదొడ్డి:
ఎనిమిది పెట్టలకి రెండు పుంజులు ఎక్కువే, పెట్టల వీపు మీద ఈకలు రాలిపోతాయి. 4–5 నెలలకి కూత మొదలయ్యాక పాత పుంజు ఊరుకోదు. అప్పటికే వేరే గూడో, వేరే ఇల్లో చూసుకోండి.