మెడ నొప్పికి డ్రై నీడ్లింగ్: గుణుపురం లాంటి ఊళ్లో చేయించుకోవచ్చా?

టైలరమ్మ, గుణుపురం:
అందరికీ నమస్కారం. ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం మాది, నాది కుట్టుమిషన్ బతుకు. దసరా బట్టల గిరాకీ అయ్యాక కుడి భుజానికీ మెడకీ మధ్య కండ పట్టేసింది. అక్కడ నొక్కితే నొప్పి కణత దాకా పాకుతుంది. బామ్‌లు, కాపడం, మాత్రలు అన్నీ అయ్యాయి. విశాఖ నుంచి ఒక ఫిజియో ఆదివారాలు ఇక్కడికొచ్చి అద్దె గదిలో చూస్తున్నాడు. డ్రై నీడ్లింగ్ చేస్తే తగ్గుతుందంటున్నాడు. మందేమీ ఉండదట, సన్నటి సూదిని కండలో గుచ్చి కాసేపు ఆడించి తీసేస్తారట. ఈలోగా మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక వార్త పంపింది, అమెరికాలో ఒక ఆటగాడికి ఇదే చేస్తే ఊపిరితిత్తి దెబ్బతిందని. అప్పట్నుంచి టెన్షన్. మా మావయ్య గారు కూడా తొడకి, మోకాలికి చేయించుకుంటానని తయారయ్యారు. ఆయనకి గుండెలో స్టెంట్ ఉంది. "ఏం కాదు" అనో "వద్దు" అనో ఒక్క ముక్కలో తేల్చకుండా ఎందుకో కూడా చెప్పండి.

పేపర్ మిల్లు షిఫ్టు, రాయగడ:
నేను విశాఖలో చేయించుకున్నాను అక్కా, నడుం పక్కన. సూది దిగినప్పుడు పెద్దగా తెలీలేదు. కండ ఒక్కసారి దానంతటదే ఎగిరిపడింది, అప్పుడు మాత్రం ప్రాణం జివ్వుమంది. రెండ్రోజులు కొట్టినట్టు సలిపింది, తర్వాత వంగి బూట్లు వేసుకోగలిగాను. ఒక్క మాట, ఏమీ తినకుండా వెళ్లకండి. నేను పొద్దున్నే టీ మీద వెళ్లి కుర్చీలో కూర్చునే చేయించుకున్నాను, కళ్లు తిరిగి పడబోయాను.

ఫిజియో, జయపురం:
పై అన్నకి జరిగింది సూది చూస్తే కొందరికి బీపీ పడిపోవడం వల్ల. అందుకే పడుకోబెట్టే చేయాలి, కుర్చీలో చేయడం ఆ ఫిజియో తప్పు. ఎగిరిపడటం మాత్రం మేము కోరుకునేదే.

టైలరమ్మ గారూ, ఈ సూది దాదాపు 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్ల మందం. ఇంజెక్షన్ సూది దీనికి రెట్టింపు లావు, లోపల బోలు, కొన ఏటవాలుగా కోసి ఉంటుంది. ఇది బోలు లేనిది, కండని కోయదు. వచ్చే ఇబ్బందులు ఎక్కువగా చిన్నవే: కమిలిన మచ్చ, చుక్క రక్తం, ఒకటి రెండు రోజుల సలుపు. ఐర్లండ్‌లో 39 మంది ఫిజియోలు 7,629 సార్లు చేసి ప్రతిసారీ రాసిపెట్టుకున్న లెక్క 2014లో వచ్చింది. చిన్న ఇబ్బందులు 19 శాతం, పెద్దది ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. మన ఊళ్లలో మెడ పట్టేస్తే ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిపించుకుంటాం, నెల తిరక్కుండా మళ్లీ వెళ్తాం. కడుపులో పుండ్లు పడతాయని, కిడ్నీలు దెబ్బతింటాయని అక్కడ ఎవరూ అడగరు. పిరుదుకి తప్పు చోట పొడిస్తే కాలి నరం దెబ్బతినొచ్చు, అలాంటివాళ్లు నా దగ్గరికే వస్తారు. మందు లేని సూది అనేసరికి మాత్రం అందరికీ భయమే!

మేష్టారు, పర్లాకిమిడి:
ఆర్‌ఎంపీ సూది చెడ్డదైనంత మాత్రాన మీ సూది మంచిదైపోదు కదా బాబూ. అది వేరే కేసు.

మీరిచ్చిన లెక్కే తీసుకుందాం. రాసినదెవరు? గుచ్చినవాళ్లే. రోగి ఇంటికెళ్లాక రాత్రి ఏమైందో వాళ్లకి ఎంత తెలుస్తుంది? పైగా అందరూ శిక్షణ పొందినవాళ్లు. ఇక "ఒక్కటీ లేదు" అన్న మాట. లెక్కల్లో దీనికో సులువైన సూత్రం ఉంది: ఎన్నిసార్లు చేసినా చెడు ఒక్కసారీ కనబడకపోతే, 3ని ఆ సంఖ్యతో భాగించి వచ్చినంత ప్రమాదం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. 7,629 మీద అది సుమారు 2,500కి ఒకటి. ఆ అధ్యయనం చేసినవాళ్లే 0.04 శాతం మించదని రాసుకున్నారు, సున్నా అనలేదు. తర్వాత 2020లో అమెరికా ఫిజియోల లెక్క వచ్చింది. దాదాపు 20 వేల సార్లలో పెద్దవి 20, అంటే వెయ్యికి ఒకటి. చిన్నవి మూడో వంతు కంటే ఎక్కువ. ఈ లెక్క మీ పోస్టులో ఎందుకు లేదు?

వాట్సాప్ వార్త అబద్ధం కాదమ్మా. 2025 డిసెంబర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టి.జె. వాట్‌కి డ్రై నీడ్లింగ్ తర్వాత ఊపిరితిత్తి కొంత ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్లింది. అది సందులో దుకాణం కాదు, కోట్ల రూపాయల జట్టు సొంత శిక్షణ కేంద్రం. అక్కడే జరిగింది కాబట్టి ఎవరి చేతిలోనైనా జరగొచ్చు.

ఫిజియో, జయపురం:
మేష్టారూ, 2020 లెక్క దాచలేదు. అందులో పెద్దవి అంటే అన్నీ ఊపిరితిత్తి కేసులని కాదు. వాట్ సంగతీ ఒప్పుకుంటాను. కానీ సూది ఎక్కడ దిగిందన్నది ముఖ్యం. పిక్కలోనో ముంజేతిలోనో గుచ్చితే ఊపిరితిత్తి ఎలా తగులుతుంది? భయం ఉన్నది భుజం పైభాగం, రెక్క ఎముక చుట్టూ, పక్కటెముకల మీది కండలు. వీటికి పద్ధతి ఉంది. భుజం మీద కండని వేళ్లతో గట్టిగా పట్టి పైకి లాగి, ఆ పట్టుకున్న కండలోనే, ఛాతీ వైపు పోకుండా గుచ్చాలి. వేళ్ల మధ్య పట్టు చిక్కకపోతే అక్కడ గుచ్చకూడదు. బక్కపలచని వాళ్లలో ఊపిరితిత్తి పైకొస మనం అనుకునేదానికంటే చర్మానికి దగ్గర్లో ఉంటుంది.

ఆక్యుపంక్చర్, బరంపురం:
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. సూది మాది, విద్య మాది, పేరు మాత్రం కొత్తది. మేం ఏళ్ల తరబడి నేర్చుకునేది వీళ్లు శనాదివారాల వర్క్‌షాప్‌లో నేర్చేసుకుని బోర్డు పెడుతున్నారు. కాలిఫోర్నియాలో ఫిజియోలకి ఈ పని చేసే అనుమతే లేదు. మన దగ్గర కేంద్రం 2019లో ఆక్యుపంక్చర్‌ని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. అలాంటప్పుడు సూది పట్టే హక్కు ఎవరిది?

మేష్టారు, పర్లాకిమిడి:
హక్కు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, ఊపిరితిత్తికి ఎవరి సూదో తెలియదు. జర్మనీలో 2 లక్షల 29 వేల మందికి ఆక్యుపంక్చర్ చేసిన లెక్క 2009లో వచ్చింది. చేసినవాళ్లంతా వైద్యులే. అందులోనూ రెండు ఊపిరితిత్తి కేసులున్నాయి. చాలా తక్కువే, కాదనను. కానీ ఉన్నాయి.

ఫిజియో, జయపురం:
ఆక్యుపంక్చర్ గారికి ఒక్క జవాబు చెప్పి వదిలేస్తాను. మీరు నాడుల దారి చూస్తారు, మేం కండలో నొప్పి ముడి (ట్రిగ్గర్ పాయింట్, అంటే నొక్కితే నొప్పి పుట్టే బిగుసుకున్న చోటు) చూస్తాం. 1979లో కారెల్ లెవిట్ అనే చెక్ వైద్యుడు గమనించిందేమిటంటే, ఆ ముడుల్లో మందు ఎక్కించేటప్పుడు నొప్పి తగ్గడానికి మందు కంటే సూదే ఎక్కువ కారణమని. మా దారి అక్కడిది. వర్క్‌షాప్ విషయంలో మాత్రం మీ మాట నిజం. నేను నేర్చుకున్నప్పుడు కూడా ఛాతీ దగ్గర కండలు చివరి రోజు హడావిడిగా చూపించారు.

టైలరమ్మ, గుణుపురం:
ఆగండి ఆగండి, నేనడిగింది పక్కకి పోతోంది. ముందు ఇది చెప్పండి, దీనివల్ల అసలు తగ్గుతుందా?

మేష్టారు, పర్లాకిమిడి:
కొంత తగ్గుతుందమ్మా, అది నేనూ కాదనను. 2017లో చాలా అధ్యయనాలు కలిపి చూశారు. ఏమీ చేయకపోవడం కంటే, ఉత్తుత్తి సూది కంటే, మూడు నెలల లోపు నొప్పి విషయంలో ఇది మేలు. ఆ రుజువు కూడా బలహీనం నుంచి ఓ మోస్తరు స్థాయిది. పని చేసుకోగలగడంలో మిగతా ఫిజియోథెరపీ కంటే మెరుగని తేలలేదు. ఏడాది తర్వాత ఎలా ఉంటుందన్నదానికి సరైన జవాబు లేదు. నొప్పి ముడి అనేది నిజంగా ఉందా అని 2015లో ముగ్గురు పరిశోధకులు గట్టిగానే ప్రశ్నించారు, ఇద్దరు వైద్యులు వేరువేరుగా తడిమితే ఒకే చోట దొరకట్లేదని. మీరు రోజంతా మెడ వంచి మిషన్ తొక్కుతారు. బల్ల ఎత్తు మార్చకుండా, గంటకోసారి లేవకుండా సూది గుచ్చించుకుంటే సంక్రాంతి బట్టలకి మళ్లీ అక్కడికే వస్తారు.

నర్సు, రాయగడ:
డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చి అంతా చదివాను. మీరంతా వెయ్యికి ఒకటా, రెండున్నర వేలకి ఒకటా అని కొట్టుకుంటున్నారు. ఆ ఒకటి ఎక్కడ జరుగుతుందన్నది ఎవరూ అడగలేదు.

ఊపిరితిత్తికి సూది తగిలితే అప్పటికప్పుడు తెలియాలని లేదు. ఇంటికెళ్లాక, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడుతుంది: గాలి పీల్చినప్పుడు ఛాతీలో లేదా భుజంలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం, పొడి దగ్గు. "సూది గుచ్చారుగా, సలుపుతోందిలే" అనుకుని పడుకుంటారు. చిన్నదైతే కనిపెట్టుకుని ఉంటే దానంతటదే సర్దుకుంటుంది. పెద్దదైతే ఛాతీలో గొట్టం వేయాలి. విశాఖలో అయితే అరగంటలో ఎక్స్‌రే, సర్జన్. ఆదివారం రాత్రి పది గంటలకి మన ఏజెన్సీ వైపు నుంచి? ఘాట్ రోడ్డు మీద అంబులెన్స్‌లో ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే సూది, అదే చెయ్యి, ప్రమాదం మాత్రం వేరు. కాబట్టి నా మాట ఇది: కాళ్లకీ చేతులకీ పిరుదులకీ ఇక్కడ చేయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. భుజం పైభాగం, వీపు పైభాగం మాత్రం ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రి దగ్గర్లో, అదీ ఉదయం పూట.

ఇంకొకటి, ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ల లోపువాళ్లకి పరీక్ష చేస్తున్నది అందుకే. నడుం, తొడలు, ఛాతీ పీకుతున్నాయని వచ్చే కుర్రాళ్లలో కొందరికి అది కండ నొప్పి కాదు, రక్తకణాలు నాళాల్లో అడ్డుపడి వచ్చే నొప్పి. వాళ్లని పడుకోబెట్టి సూదులు గుచ్చితే అసలు వైద్యం ఆలస్యమవుతుంది. జ్వరంతో ఒళ్లు నొప్పులున్నవాళ్లకి ముందు మలేరియా పరీక్ష. కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి ఆ మాత్రల వల్లే కండరాలు పీకొచ్చు. ముందు ఇవి అడగని వాడి చేత గుచ్చించుకోకండి.

సూది సంగతి: ప్యాకెట్ మీ కళ్ల ముందు చించాలి, వాడాక గుచ్చుకుపోని గట్టి డబ్బాలో పడాలి. ఒకరికి వాడినది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి పాకొచ్చు. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో లింఫు గ్రంథులు తీయించుకున్నవాళ్లు ఆ చేతికి వద్దు. గర్భిణులు మొదటే చెప్పాలి.

ఫిజియో, జయపురం:
నర్సమ్మా, మిగతా అన్నిటికీ చేతులెత్తి దండం. భుజం విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. మీ లెక్కన ఏజెన్సీలో మెడ నొప్పి ఉన్న ఆడవాళ్లంతా విశాఖకి టికెట్ కొనుక్కోవాలి. కొనలేరు, మళ్లీ ఇంజెక్షన్‌కే పోతారు. ఉన్న ఊళ్లోనే జాగ్రత్తగా చేసే మనిషి కావాలి గానీ నిషేధం కాదు.

నర్సు, రాయగడ:
నిషేధం అన్నానా? చేతితో నొక్కండి, వ్యాయామం నేర్పండి, కాపడం పెట్టండి. సూది ఒక్కటే వైద్యమా?

పేపర్ మిల్లు షిఫ్టు, రాయగడ:
చేతితో నొక్కడం నాకు పని చేయలేదు మేడమ్. సూదే పని చేసింది.

టైలరమ్మ, గుణుపురం:
ఆ ఫిజియోకి ఫోన్ చేసి మీరు చెప్పినవన్నీ అడిగాను. సూది కొత్తదే, ముందే చింపి చూపిస్తానన్నాడు. కండ పట్టి లాగే గుచ్చుతానన్నాడు. రాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలని అడిగితే కాసేపు మాట్లాడలేదు. ఆయన మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్లిపోతాడట. అందుకని భుజానికి ఇక్కడ వద్దనుకున్నాను. ముందు వ్యాయామాలు నేర్పమన్నాను, సరేనన్నాడు. మిషన్ బల్ల కింద రెండు ఇటుకలు పెట్టించాను. తగ్గకపోతే పండగ అయ్యాక విశాఖ వెళ్లి చేయించుకుంటాను.

మావయ్య గారితోనే చిక్కు. ఇదంతా చదివి వినిపిస్తే, "రక్తం పలచనయ్యే మాత్ర నాలుగు రోజులు ఆపేస్తే సరిపోతుంది కదా" అంటున్నారు.

నర్సు, రాయగడ:
ఆపనివ్వకండమ్మా, ఒక్కపూట కూడా. క్లోపిడోగ్రెల్, ఎకోస్ప్రిన్ సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. మోకాలి నొప్పి కోసం ఆ పని ఎవరూ చేయరు. అవి వాడుతూనే తొడలో పైపైన గుచ్చి, తీశాక చాలాసేపు నొక్కి పట్టే ఫిజియోలున్నారు. లోతు కండల్లో మాత్రం గుచ్చకూడదు. ఒకవేళ వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి ఇంకో రకం రక్తం పలచన మాత్రలు వాడుతుంటే ఈ మధ్య చేయించిన ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) రిపోర్టు చూడకుండా ఎవరూ చెయ్యి వేయకూడదు. ఆయన మాత్రల స్ట్రిప్ మీద ఏం పేరుందో చూసి ఇక్కడ రాయండి, ఫోటో పెట్టినా సరే.