జీతం సరే, విలువ లేదు. ఐదేళ్లు నిండేదాకా ఉండాలా, ఇప్పుడే మానేయాలా?

రిసెప్షన్ రాజు:
తిరుపతిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేస్తున్నాను. నాలుగేళ్లు దాటింది. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తమిళనాడు నుంచి బస్సులు బస్సులుగా దిగుతారు. రూము ఇంకా ఖాళీ కాలేదంటే కౌంటర్ దగ్గర గొడవ. తమిళంలో సర్దిచెప్పేది నేనే. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి లీవు అనే మాటే లేదు. మొన్న సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితే ఓనర్ బంధువుల అబ్బాయికి ఇచ్చారు. అతనికి పని నేర్పించమని నాకే చెప్పారు! జీతం మాత్రం ఒకటో తారీఖుకే పడుతుంది, అబద్ధం చెప్పకూడదు. ఇంట్లో ఆవిడ ‘ఐదేళ్లు నిండనీ, మానేసేటప్పుడు ఓనర్ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ డబ్బు వస్తుంది’ అంటోంది. ఏం చేసేది?

శ్రీసిటీ షిఫ్ట్:
మానేయ్ అన్నా. బంధువుకే ఇచ్చారంటే నీ దారి మూసేసినట్టే. ఇంకో నాలుగేళ్లు ఉన్నా ఆ కుర్చీ నీకు రాదు. నేనూ లాడ్జి మానేసే శ్రీసిటీలో ఫ్యాక్టరీకి వచ్చాను. కంపెనీ బస్సు వస్తుంది, ఓవర్‌టైమ్ చేస్తే లెక్క కట్టి ఇస్తారు.

చిత్తూరు గుజ్జు:
తమ్ముడూ, మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి వచ్చే రెండు మూడు నెలలు రాత్రీ పగలూ పని, ఆ తర్వాత చాలామందికి సెలవు చెప్పేస్తారు. ఏడాది పొడుగునా ఒకటో తారీఖున జీతం పడటం ఎంత పెద్ద సంగతో మమ్మల్ని అడుగు. మెచ్చుకోలుతో బియ్యం కొనలేం కదా.

రిసెప్షన్ రాజు:
అన్నా, నేను పొగడమనలేదు. నాకు రావలసిన పోస్టు ఇంకొకరికి పోయింది.

పద్దుల పద్మ:
ఇంతవరకూ ఎవరూ లెక్క చెప్పలేదు. నేను అకౌంట్స్‌లో ఉంటాను కాబట్టి చెబుతా. గ్రాట్యుటీ అంటే చివరి నెల బేసిక్ జీతం, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లతో హెచ్చవేయాలి. 14 వేలు అనుకుంటే ఐదేళ్లకు 40 వేల పైచిలుకు. నాలుగేళ్ల 240 రోజులు చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది గానీ, ఓనర్ ఒప్పుకోకపోతే లేబర్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ ధైర్యంతో మానేయొద్దు. అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఒకసారి తీసి చూడు. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగమైతే, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం ఐదేళ్లు అక్కర్లేదు, ఏడాది చాలు.

పీఎఫ్ మాత్రం తీసేయకు. కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది. ఐదేళ్లలోపు తీస్తే పన్ను పడే అవకాశం ఉంది. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

శ్రీసిటీ షిఫ్ట్:
అక్కా, మీ లెక్కే తీసుకుందాం. కొత్త చోట నెలకు నాలుగు వేలు ఎక్కువ వస్తే పది నెలల్లో ఆ 40 వేలు వచ్చేస్తాయి. దానికోసం ఆ పిల్లాడికి సలాం కొడుతూ కూర్చోవాలా?

పద్దుల పద్మ:
ఎక్కువ వస్తే! చేతిలో ఆఫర్ లెటర్ ఉందా అని ముందు అడుగు. తిరుపతి నుంచి శ్రీసిటీకి రోజూ పోయి రావడానికి పట్టే గంటలను కూడా ఆ నాలుగు వేలలోంచే తీసేయ్.

కొర్లగుంట కుమారి:
రాజు తమ్ముడూ, ఆ పోస్టు నాకు కావాలని నువ్వు నోరు తెరిచి అడిగావా? అడగందే అమ్మైనా పెట్టదు. నేను ఆసుపత్రిలో నర్సుని. ఇన్‌ఛార్జి పోస్టు నాకు ఇష్టం లేదేమో అనుకుని మా వాళ్లు ఇంకొకరి పేరు రాశారు. అడిగాక తర్వాతి సారి ఇచ్చారు. అన్ని చోట్లా ఇట్లాగే జరుగుతుందని చెప్పను. కానీ అడిగితే వాళ్ల మనసులో ఏముందో తెలుస్తుంది.

రిసెప్షన్ రాజు:
నేరుగా అడగలేదు అక్కా. వాళ్లకే తెలియాలి కదా అనుకున్నా.

శ్రీసిటీ షిఫ్ట్:
అడిగేదేదో వైకుంఠ ఏకాదశి ముందు అడుగు. పది రోజుల వైకుంఠ ద్వార దర్శనం, లాడ్జిలన్నీ ఫుల్. అప్పుడు నువ్వు లేకపోతే కౌంటర్ నడవదు. నోటీసు అప్పుడే ఇస్తే దిగి వస్తారు.

చిత్తూరు గుజ్జు:
అది పద్ధతి కాదు. తిరుపతిలో హోటళ్ల వాళ్లందరూ ఒకరికొకరు తెలుసు. సీజన్లో చెయ్యిచ్చాడని పేరు పడితే రేపు ఇంకో హోటల్లో ఎవరు తీసుకుంటారు?

శ్రీసిటీ షిఫ్ట్:
సీజన్లో వాళ్లు లీవు ఇవ్వకపోవడం పద్ధతేనా మరి?

కొర్లగుంట కుమారి:
ఇద్దరూ ఆగండి. నోటీసు ఎన్ని రోజులో లెటర్‌లోనే ఉంటుంది. దాని ప్రకారం ఇస్తే ఎవరూ తప్పు పట్టలేరు, సీజన్ అయినా సరే. బెదిరించడానికి మాత్రం వాడొద్దు. అట్లా ఇచ్చిన పోస్టును సీజన్ అయిపోయాక తీసేయరని ఏముంది?

రిసెప్షన్ రాజు:
సరే. గురువారం ఓనర్ హోటల్‌కు వస్తారు, అప్పుడు అడుగుతాను. పోస్టు కాకపోతే జీతమైనా పెంచమంటాను. ఈలోపు వేరే రెండు హోటళ్లకు బయోడేటా ఇస్తున్నాను. మా ఆవిడకు ఆ రెండో సంగతి ఇంకా చెప్పలేదు.

పద్దుల పద్మ:
ఓనర్ నోటితో సరే అంటే ఊరుకోకు. ఎప్పటి నుంచి, ఎంత అని వాట్సాప్‌లో పెట్టమను.