ఈ వారం సమస్య: చావు లేనివాఁడు చచ్చెఁ గనుము

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, పై మూడూ మీవి. చావు లేనివాడు ఎందుకు చచ్చాడో తేలాలి, లేకపోతే పూరణ కాదు.

రాపూరు మాస్టారు:

పగలు రేయి చావు బయటను లోపల
లేదటంచు మురిసె లెస్సగాను
గడప మీద సంజఁ గడుపును జీల్చఁగా
చావు లేనివాఁడు చచ్చెఁ గనుము

పెంచలకోన పక్కనే ఉన్న మనిషి, నరసింహుణ్ణి వదులుతారా! విరుపు బాగుంది. ‘లెస్సగాను’ మాత్రం పాదం నింపడానికి పెట్టిన ముక్క. ఆయుధంతో చావు లేదన్న వరం సంగతీ, గోళ్లూ రాలేదు.

మాస్టారి జవాబు: ఆటవెలదిలో ఎన్నని కుక్కేది సార్!

కావలి అక్కయ్య:

ధర్మజుండు పలికెఁ దండ్రి వినంగను
ఏనుఁగన్న మాట యెదను దాఁచి
విల్లు విడిచె గురుఁడు విన్నంత నిట్లని
చావు లేనివాఁడు చచ్చెఁ గనుము

అశ్వత్థామ చిరంజీవి కాబట్టి సమస్య ఇట్టే విడిపోయింది. అందరికంటే ముందు నాకు నచ్చింది ఇదే. కానీ ఒక చిక్కు. 3,000 ఏళ్లు ఒంటరిగా, నెత్తురు, చీము కంపుతో తిరగమని కృష్ణుడు శపించింది సౌప్తికపర్వంలో. అప్పటికి ద్రోణుడు లేడు. తిక్కన గారి జిల్లాలో కూర్చుని పర్వాల వరస తప్పితే ఎట్లా? ‘ఇట్లని’ తీసేసి ‘విన్నంతఁ, జిత్రమే’ అంటే మాట ద్రోణుడిది కాక కవిది అవుతుంది, గొడవ ఉండదు. (అసలు అది చిరంజీవత్వమా, శిక్షా? చావు రాకపోవడమే అక్కడ శాపం.)

అక్కయ్య: ఒప్పుకున్నా. మార్చేశా.

ఒంగోలు విద్యార్థి:

మూలికొకటి తెచ్చె ముదిమిని బోఁగొట్ట
కొలని నీట మునుఁగ గుట్టు గాను
పాము వచ్చి తినియెఁ, బరితపించె నృపుఁడు
చావు లేనివాఁడు చచ్చెఁ గనుము

ఇది మెసొపొటేమియా పాత కథలోని ఉరుక్ నగర రాజు గిల్గమేష్. స్నేహితుడు ఎంకిడు పోయాక చావు భయం పట్టుకుని లోకం చివరి దాకా పోయాడు. సాగరం అడుగు నుంచి మూలిక తెచ్చుకున్నాడు. పాము అది తిని కుబుసం విడిచి పోయింది. కథ కొత్తది, యతులు సరిపోయాయి. అయితే మూలిక దక్కనివాడు చావు లేనివాడు ఎట్లయ్యాడు? మూడింట రెండు వంతులు దేవుడైనా మనిషే కదా.

విద్యార్థి: మూడో పాదం ఇట్లా మారిస్తే?

పాము వచ్చి తినియెఁ; బరులు దలంచిన

ఇప్పుడు దారికొచ్చింది. జనం అనుకున్నదే అమరత్వం. కానీ సొంత ఊరి జనాన్ని ‘పరులు’ అంటావా అబ్బయా?