ఉప్పాడ తీరానికి బ్రూన్ సూత్రం సరిపోతుందా?

ప్రశ్న (ఎం.టెక్. విద్యార్థి):
సముద్రమట్టం పెరిగేకొద్దీ కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ తీరం ఎంత వెనక్కి జరుగుతుందో నా ప్రాజెక్టులో అంచనా వేయాలి. సముద్రమట్టం పెరిగితే ఇసుక తీరం ఎంత వెనక్కి జరుగుతుందో చెప్పే, పేర్ బ్రూన్ అనే ఇంజినీరు 1962లో ప్రతిపాదించిన సూత్రాన్ని తీసుకున్నాను. అలలు అడుగు ఇసుకను కదిలించగల లోతును 8 మీటర్లుగా, గట్టు ఎత్తును 2 మీటర్లుగా, ఆ లోతు వరకు ఉన్న దూరాన్ని కిలోమీటరుగా అనుకుని, ఆ దూరాన్ని లోతు, ఎత్తుల మొత్తంతో భాగిస్తే, మట్టం ఒక మీటరు పెరిగినప్పుడు తీరం 100 మీటర్లు వెనక్కి జరగాలి. 2006–2018 మధ్య ప్రపంచ సగటు పెరుగుదల ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు కనుక, ఏటా 37 సెంటీమీటర్ల కోత అని లెక్క తేలింది. కానీ లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలపై తీరరేఖలు గీసి చూస్తే కోత అంతకంటే చాలా వేగంగా కనిపిస్తోంది. లోపం సూత్రంలో ఉందా, నేను తీసుకున్న విలువల్లో ఉందా?

సమాధానం 1 (తీర ఇంజినీరింగ్ అధ్యాపకుడు):
మీ గుణకారం సరిగానే ఉంది. అయితే ఆ సూత్రం ఒడ్డుకు అడ్డంగా జరిగే ఇసుక కదలికను మాత్రమే లెక్కిస్తుంది. పైనుంచి తెగిన ఇసుక అంతా ఎదురుగా ఉన్న సముద్రపు అడుగునే చేరుతుందని, ఒడ్డు వెంబడి ఇసుక వచ్చేదీ పోయేదీ ఏమీ లేదని అది ముందే అనుకుంటుంది. మన తీరంలో నైరుతి రుతుపవనాల అలల వల్ల ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. గోదావరి పాయల నుంచి వచ్చిన ఇసుకలో కొంత కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ దిబ్బగా పేరుకుపోయింది. అలా ఆగిన ఇసుక దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు అందదు. దీనికి తోడు నది ఎగువన కట్టిన జలాశయాల్లో ఒండ్రు నిలిచిపోవడంతో సముద్రానికి చేరే ఇసుకే తగ్గింది. కాబట్టి ఉప్పాడలో మీరు చూస్తున్న కోతలో పెద్ద వాటా ఇసుక లోటుదని నా అభిప్రాయం. ముందుగా ఇసుక ఆదాయ వ్యయాల లెక్క వేయండి, బ్రూన్ సూత్రం ఇచ్చే విలువను అందులో ఒక పద్దుగా మాత్రమే చేర్చండి.

సమాధానం 2 (సముద్ర శాస్త్ర పరిశోధకురాలు):
అధ్యాపకులు గారు చెప్పినది గడచిన కాలానికి వర్తిస్తుంది కానీ, మట్టం పెరుగుదల పద్దు ఎప్పటికీ చిన్నదిగానే ఉంటుందని అనుకోకూడదు. ఉద్గారాలు మిక్కిలి ఎక్కువగా ఉండే పరిస్థితిలో 2100 నాటికి ప్రపంచ సగటు సముద్రమట్టం 0.63 నుంచి 1.01 మీటర్ల వరకు పెరగవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక చెబుతోంది. మీరు తీసుకున్న వాలుకే (మీటరు పెరిగితే 100 మీటర్లు) అది 63 నుంచి 101 మీటర్ల వెనుకంజ అవుతుంది. పైగా మీరు ప్రపంచ సగటును నేరుగా వాడారు. తీరానికి కావలసింది స్థానిక సాపేక్ష మట్టం, అంటే అక్కడి నేలతో పోల్చి చూసిన నీటి మట్టం. విశాఖపట్నం ఆటుపోట్ల కొలతలు 1937 నుంచి ఉన్నప్పటికీ, ఆ పరికరం గట్టి రాతి తీరం మీద ఉంది. డెల్టా నేల మాత్రం ఒండ్రు బిగుసుకునే కొద్దీ కుంగుతుంది, కనుక విశాఖ అంకెను గోదావరి ముఖద్వారాలకు యథాతథంగా అన్వయించడం సరికాదు.

మీ తీరరేఖలను ఆటుపోట్లకు అనుగుణంగా సవరించారా? ఒడ్డు వాలు 1:30 ఉన్న చోట, చిత్రం తీసిన క్షణంలో నీరు ఒక మీటరు ఎక్కువగా ఉంటే రేఖ 30 మీటర్లు లోపలికి కనిపిస్తుంది. ఈ సవరణ లేకుండా లెక్కించిన కోత వేగాన్ని ఏ నమూనాతోనూ పోల్చకండి.

సమాధానం 3 (తీర నిర్వహణలో పనిచేసిన ఇంజినీరు):
ఇద్దరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. శతాబ్దాంతానికి ప్రపంచంలోని ఇసుక తీరాల్లో దాదాపు సగం కనుమరుగయ్యే ప్రమాదం ఉందని 2020లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. వెనుక ఖాళీ స్థలం ఉంటే బీచ్ లోపలికి జరిగి బతుకుతుందని అదే ఏడాది మరికొందరు శాస్త్రవేత్తలు దానికి బదులిచ్చారు. ఉప్పాడలో ఆ స్థలం ఎక్కడుంది? కోత ఆపడానికి జియోట్యూబులూ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) రాళ్లూ వేశారు, వాటి వెనుకే రోడ్డూ ఇళ్లూ ఉన్నాయి. గట్టి కట్టడం ఉన్న చోట తీరం వెనక్కి జరగడానికి వీలుండదు. దాని ముందున్న ఇసుకే పలచబడుతుంది, కోత కట్టడం చివరలకు మారుతుంది. అందువల్ల కట్టడం ఉన్న భాగాన్నీ, లేని భాగాన్నీ ఒకే అడ్డుకోతతో (ఒడ్డు నుంచి సముద్రపు అడుగు దాకా ఉన్న వాలు రూపంతో) లెక్కించవద్దు. అలాగే ఒకే అంకెను ప్రకటించే బదులు, తుపాను అలలనూ మట్టం పెరుగుదలనూ వేలసార్లు యాదృచ్ఛికంగా మార్చి, తీరం ఫలానా దూరం దాటే అవకాశం ఎంతో శాతాల్లో చెప్పండి. ఇళ్లు ఎంత దూరంలో కట్టుకోవాలో నిర్ణయించే అధికారికి, అక్కడ వలలు ఆరబెట్టుకునే మత్స్యకారులకూ ఉపయోగపడేది ఆ రూపంలోని సమాధానమే.

ప్రశ్న అడిగినవారి స్పందన:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆటుపోట్ల సవరణ నేను చేయలేదు, ముందుగా అది చేస్తాను. తరువాత తీరాన్ని కట్టడాలు ఉన్నవీ లేనివీ అని విడదీసి, హోప్ ఐలాండ్ వైపు నుంచి వచ్చే ఇసుకను వేరే పద్దుగా చేర్చి లెక్కిస్తాను. ఒడ్డు వెంబడి ఇసుక ప్రవాహానికి అలల సమాచారాన్ని హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి తీసుకోవాలని అనుకుంటున్నాను. లోతు కొలతలకు పాత నావికా పటాలు సరిపోతాయా, కొత్తగా సర్వే చేయాలా?

సమాధానం 1 రాసినవారు:
మార్పు వేగంగా ఉన్న చోట పాత పటాలు పనికిరావు. కనీసం రుతుపవనాలకు ముందొకసారి, తరువాతొకసారి కొలవండి.