డెలావేర్ ఎల్‌ఎల్‌సీని టెక్సస్‌లో మళ్ళీ నమోదు చేయడం అవసరమా?

ఫ్రిస్కో వాసి:
సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ కోసం నేను డెలావేర్‌లో ఏకసభ్య ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టాను. నివాసం టెక్సస్‌లోని ఫ్రిస్కో. పనంతా ఇంటి నుంచే. ఒక క్లయింట్ డల్లాస్‌లో, మరొకరు న్యూజెర్సీలో ఉన్నారు. వచ్చే నెల న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే ఒకరిని ఉద్యోగంలోకి తీసుకోబోతున్నాను. డెలావేర్‌కు ఏటా 300 డాలర్ల పన్ను కడుతూ, టెక్సస్‌లో ఇతర రాష్ట్ర కంపెనీగా నమోదు కావడానికి మరో 750 డాలర్లు కట్టడం న్యాయమేనా? మన దేశంలో కంపెనీల చట్టం కేంద్రానిది కాబట్టి, హైదరాబాదులో నమోదైన కంపెనీ విజయవాడలో శాఖ తెరిస్తే జీఎస్టీ వంటివి రాష్ట్రం వారీగా తీసుకోవలసి వచ్చినా, కంపెనీగా మళ్ళీ నమోదు కానక్కరలేదు. ఇక్కడ ఆ సౌలభ్యం ఎందుకు లేదు?

గోదావరి హ్యూస్టన్:
నమోదు తప్పనిసరి అని అందరూ అనడం వింటుంటాం గానీ, చట్టం అంత గట్టిగా చెప్పదు. ఏది వ్యాపారం చేయడం అవుతుందో టెక్సస్ చట్టం పూర్తిగా నిర్వచించలేదు. ఏది కాదో మాత్రం జాబితా ఇచ్చింది. బ్యాంకు ఖాతా ఉండటం, స్వతంత్ర కాంట్రాక్టర్ల ద్వారా అమ్మడం, 30 రోజుల్లో ముగిసే ఒక్క విడి లావాదేవీ, అంతర్రాష్ట్ర వాణిజ్యం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 1974లో అలెన్‌బర్గ్ కాటన్ కేసులో, మిసిసిపీ రైతు నుంచి పత్తి కొన్న టెనెసీ వ్యాపారి అక్కడ నమోదు కాలేదన్న కారణంతో కోర్టు తలుపులు మూయడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నమోదు లేకపోయినా కుదుర్చుకున్న ఒప్పందాలు చెల్లుతాయి, మనపై ఎవరైనా దావా వేస్తే వాదించుకోవచ్చు. పైగా నమోదు వల్ల నష్టం కూడా ఉంది: 2023లో మాలరీ కేసులో, పెన్సిల్వేనియాలో నమోదైన రైల్వే సంస్థపై ఆ రాష్ట్రంతో సంబంధం లేని దావాను కూడా అక్కడ వేయవచ్చని తీర్పు వచ్చింది. చిన్న వ్యాపారి తనంతట తాను ఎందుకు చిక్కుకోవాలి?

పద్దుల పుస్తకం:
గోదావరి గారు చెప్పిన కేసులు నిజమే, కానీ అవి ఫ్రిస్కో వాసి గారికి వర్తించవు. అలెన్‌బర్గ్‌కు మిసిసిపీలో ఆఫీసూ లేదు, ఉద్యోగులూ లేరు. ఫ్రిస్కో వాసి గారి పరిస్థితికి దగ్గరగా ఉన్నది 1961 నాటి ఎలై లిల్లీ కేసు. ఇండియానాకు చెందిన ఆ మందుల కంపెనీ సరుకును అంతర్రాష్ట్ర వాణిజ్యం ద్వారానే అమ్మేది. అయినా న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో ఆఫీసు పెట్టి, వైద్యులనూ మందుల దుకాణాలనూ కలవడానికి జీతం మీద మనుషులను ఉంచింది కాబట్టి, అది స్థానిక వ్యాపారమేనని, నమోదు కోరే హక్కు న్యూజెర్సీకి ఉందని సుప్రీంకోర్టు అన్నది. ఫ్రిస్కోలో ఇల్లే ఆఫీసు, యజమాని అక్కడే కూర్చుని డల్లాస్ క్లయింట్‌కు నెలనెలా పని చేస్తున్నారు. ఇది విడి లావాదేవీ ఎలా అవుతుంది?

మాలరీ తీర్పును చూసి భయపడనక్కరలేదు. నమోదైన కంపెనీపై అన్ని రకాల దావాలకూ తమ కోర్టులకు అధికారం ఉంటుందని పెన్సిల్వేనియా తన చట్టంలోనే స్పష్టంగా రాసుకుంది. ఆ తీర్పు ఆధారపడినది ఆ చట్టం మీదే. అంతకు మించి, టెక్సస్ నుంచే నడిచే కంపెనీని టెక్సస్ కోర్టుకు లాగడానికి నమోదుతో పనేముంది?

అసలు నష్టం డబ్బు రాని రోజున తెలుస్తుంది. డల్లాస్ క్లయింట్ ఇన్వాయిస్ ఎగ్గొడితే, నమోదయ్యేదాకా టెక్సస్ కోర్టులో దావా నడపలేరు. అప్పుడు నమోదు చేసుకుందామంటే, వ్యాపారం మొదలై 90 రోజులు దాటి ఉంటే ఆలస్యమైన ప్రతి ఏడాదికీ, ఏడాదిలో కొంత భాగానికైనా సరే, నమోదు రుసుముతో సమానమైన ఆలస్య రుసుము పడవచ్చు. నాలుగేళ్ళు జరిగితే ఆ ఒక్క పద్దే 3,000 డాలర్లు. కట్టవలసిన రుసుములూ పన్నులూ సివిల్ జరిమానాగా వసూలు చేసే అధికారం వేరు. కాలిఫోర్నియా అయితే ఇంకా కఠినం: నమోదు కాని ఎల్‌ఎల్‌సీకి రోజుకు 20 డాలర్ల చొప్పున 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏటా కనీసం 800 డాలర్ల పన్ను. న్యూయార్క్‌లో బయటి ఎల్‌ఎల్‌సీ కూడా రెండు పత్రికల్లో ఆరు వారాలు ప్రకటన ఇవ్వాలి.

ఇక్కడ ఎందుకిలా అన్న ప్రశ్నకు మూలం 1869 నాటి పాల్ వర్సెస్ వర్జీనియా తీర్పు. రాష్ట్రాల మధ్య పౌరులకున్న సమాన హక్కులు కార్పొరేషన్‌కు లేవని, బయటి కంపెనీకి రాష్ట్రం షరతులు పెట్టవచ్చని అది చెప్పింది. తర్వాతి తీర్పులు ఆ అధికారానికి హద్దులు గీశాయి గానీ, నమోదు పద్ధతి నిలిచింది.

గోదావరి హ్యూస్టన్:
టెక్సస్ విషయంలో మీ వాదన ఒప్పుకుంటాను. కానీ న్యూజెర్సీ క్లయింట్‌కు ఫ్రిస్కో నుంచి పని చేసి పంపడం మాత్రం అంతర్రాష్ట్ర వాణిజ్యమే. క్లయింట్ ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ నమోదు కావాలని కొత్తవాళ్ళను బెదిరించడం తగదు.

పద్దుల పుస్తకం:
క్లయింట్ ఒక్కరే ఉన్నంతవరకు మీతో ఏకీభవిస్తాను. ఎడిసన్‌లో జీతం మీద ఉద్యోగి చేరాక ఆ వాదన నిలవదు. ఆ రాష్ట్రంలో ఆదాయ పన్ను కోతకూ, నిరుద్యోగ బీమాకూ యజమానిగా నమోదు ఎలాగూ తప్పదు. కంపెనీ నమోదుకు మరో 125 డాలర్లు. పేరోల్‌కు, అంటే జీతాల మీద పన్నులకు, నమోదైపోతే చాలని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. అవి రెండూ వేర్వేరు.

నన్నడిగితే ఫ్రిస్కో వాసి గారు ముందు ఆలోచించవలసినది డెలావేర్‌లో ఉండటం అవసరమా అని. బయటి పెట్టుబడిదారులు రాబోతుంటే, వాటాదారుల తగాదాలకు అక్కడి ఛాన్సరీ కోర్టు, దాని వందేళ్ళ తీర్పులు విలువైనవే. ఒకే సభ్యుడున్న కన్సల్టింగ్ కంపెనీలో తగాదా పడేవారెవరు? టెక్సస్‌లో కొత్త ఎల్‌ఎల్‌సీ ఏర్పాటుకు 300 డాలర్లే. ఉన్న కంపెనీనే టెక్సస్ ఎల్‌ఎల్‌సీగా మార్చుకోవడానికి రెండు రాష్ట్రాల చట్టాలూ అనుమతిస్తాయి. ఒప్పందాలు, అప్పులు అలాగే కొనసాగుతాయి.

ఫ్రిస్కో వాసి:
పెట్టుబడిదారులెవరూ లేరు, తీసుకునే ఉద్దేశమూ లేదు. అయితే న్యూజెర్సీ నమోదు ముందా, మార్పిడి ముందా?

పద్దుల పుస్తకం:
మొదట మార్పిడే, ఆ తర్వాతే న్యూజెర్సీ నమోదు. డెలావేర్ కంపెనీగా న్యూజెర్సీలో నమోదై, తర్వాత టెక్సస్ కంపెనీగా మారితే, న్యూజెర్సీ కాగితాలు మళ్ళీ సవరించుకోవాలి. డెలావేర్ పన్ను బాకీ ఉంటే అక్కడినుంచి బయటపడనివ్వరు, కాబట్టి మొదట అది తీర్చండి. గడిచిన కాలానికి టెక్సస్ ఆలస్య రుసుము సంగతి మాత్రం మార్పిడి కాగితాలు వేయకముందే అక్కడి న్యాయవాదిని అడిగి తేల్చుకోండి. ఎడిసన్ ఉద్యోగి మొదటి జీతం లోపల ఇదంతా పూర్తి కావాలి.