రాజమండ్రి చుట్టుపక్కల నడవడానికి మంచి దారులు చెప్తారా?

ఉద్యోగం మీద ఈమధ్యే రాజమండ్రి వచ్చామండి. పొద్దున్నే పుష్కర ఘాట్ వైపు నడుస్తున్నాం, బాగానే ఉంది గానీ బళ్ల రొద ఎక్కువ. ఆదివారాలు రెండు మూడు గంటలు పొలాల మధ్య నడిచే దారులున్నాయా? మా ఆవిడ కూడా వస్తుంది, కొండలెక్కే ఓపిక ఇద్దరికీ లేదు. ఏ నెలలో ఎక్కడ బావుంటుందో కూడా చెప్పండి.

కాలవగట్టు: ధవళేశ్వరం వెళ్లి బ్యారేజీ దగ్గర దిగండి. అక్కడ మొదలయ్యే తూర్పు కాలవ వెంబడే కడియం వైపు నడవడమే. కాకినాడ వెళ్లే కెనాల్ రోడ్డు మీద లారీలు ఊపిరాడనివ్వవు, అందుకని రోడ్డు లేని గట్టు చూసుకుని పట్టుకోండి. జూన్‌లో నీళ్లు వదిలాక కాలవ నిండుగా పారుతుంది, గోదారికి ఎర్రనీరు తగిలిందంటే ఇదీ టీ రంగులోకి మారిపోతుంది. జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు. దమ్ము చేసే ట్రాక్టర్ ఇనప చక్రాల వెనకాలే కొంగలు గుంపుగా పరిగెడుతుంటాయి, బురదలోంచి పైకి తేలిన పురుగుల కోసం, చక్రం మీదకొచ్చేదాకా కదలవు. నన్నడిగితే ఏడాది మొత్తంలో ఆ రెండు నెలలే అసలు నడక. చలికాలం అందరూ బావుంటుందంటారు, నిజమే, కానీ అప్పుడు ఎక్కడైనా బావుంటుంది కదా.

గోదారోడు: పై ఆయన వానాకాలం అంటున్నారు గానీ కొత్తవాళ్లని ఆ బురదలోకి పంపకండి సార్. గట్టు జారుడుగా ఉంటుంది, గడ్డిలో రక్తపింజరులు తిరుగుతాయి. చేతిలో కర్ర, కాళ్లకి బూట్లు లేకుండా దిగొద్దు. డిసెంబరు, జనవరిల్లో కడియపులంక వెళ్లండి, నర్సరీల మధ్య సందుల్లో బంతి, చామంతి మడులు చూస్తూ ఎంతసేపైనా నడవచ్చు. తెల్లారకముందే వెళ్తే పూల మార్కెట్ హడావుడి కూడా కనిపిస్తుంది. మంచు బాగా పట్టిన రోజు మాత్రం హైవే మీద బండి నడపకండి, ఎదురుగా వచ్చేది కనపడదు.

ద్వారపూడి అమ్మాయి: తిరుగు నడక ఎందుకండీ, రైలుంది కదా! కడియం స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కితే రాజమండ్రిలో దిగిపోవచ్చు, టైము మాత్రం ముందే చూసుకోండి. ఓపికుంటే ద్వారపూడి దాకా వచ్చి అక్కడెక్కండి.

అడిగినవారు: చాలా థాంక్సండి. మరి ఏప్రిల్, మే నెలల్లో ఏం చేయాలి?

కాలవగట్టు: పాముల మాట నిజమేనండి, కర్ర తప్పనిసరి. వేసవిలో గట్టుకి రావద్దు, దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలవ కట్టేస్తారు, అడుగున బురద, కంపు. అప్పుడు గోదారి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి, తెల్లారగట్ల లంకల (గోదారి మధ్య దీవుల) వైపు నడవండి, ఎనిమిదింటికల్లా వెనక్కి వచ్చేయాలి, ఆ తర్వాత ఇసుక కాలుతుంది. దారిలో తాటి ముంజెలు అమ్ముతుంటే వదలొద్దు. వరదల్లో మాత్రం లంకల జోలికి పోకండి, ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, కానీ అంతకన్నా ముందే లంక దారులు కొన్ని మునిగిపోతాయి. వెళ్లేముందు రేవులో పడవ వాళ్లని అడగండి, వాళ్లు వద్దంటే వద్దనే.