తాయ్ చీ: పాదం తిప్పినప్పుడల్లా మోకాలు లాగుతోంది

నిదానమే: నిదానంగా చేసే ఈ చైనా వ్యాయామంలో 24 భంగిమల క్రమం ఏడాదిగా చేస్తున్నాను. ముందున్న పాదాన్ని బయటికి తిప్పి తరువాతి అడుగు వేసేటప్పుడు ఎడమ మోకాలు లోపలి వైపు లాగుతోంది. మరీ కిందికి కూర్చుంటున్నానేమోనని ఎత్తు పెంచాను. కొంత తగ్గింది, పోలేదు.

పాతకాపు: బరువంతా ఆ కాలి మీదే ఉంచి తిప్పుతున్నారా? అయితే మెలిక మోకాలికే పడుతుంది. అది ప్రధానంగా ముడవడానికీ చాపడానికీ ఉన్న కీలు, అన్ని వైపులా తిరిగేది తుంటి. మీ క్రమంలో మొదట బరువు వెనక కాలి మీదికి జరిపి కూర్చుని, కాలివేళ్లు కాస్త లేపి, నడుముతో పాటు పాదం తిప్పాలి. బరువు ముందుకు వచ్చేది ఆ తరువాతే. అందరికీ సులువుగా ఉండాలని చైనాలో 1956లో కూర్చిన క్రమం కదా అని ఈ చిన్న కదలికను చాలామంది మింగేస్తారు. నేనూ మింగాను, రెండేళ్లు.

మూడోకన్ను: పాతకాపు గారూ, మా గురువుగారు వెనక్కి జరగకుండా, బరువు మీదే తిప్పమంటారు. నా మోకాళ్లకు ఏమీ కాలేదు. కాకపోతే తిప్పేది పాదంతో కాదు, తొడ మొదటి నుంచి. అరచేతుల అంచులు గజ్జల మడతల్లో పెట్టి నిలబడండి. మోకాళ్లు కదలకుండా నడుము కుడికి తిప్పితే కుడి మడత లోతవ్వాలి. చైనీయులు ‘క్వా’ అనేది ఈ చోటునే. మడత పడకుండా భుజాలు మాత్రమే తిరిగాయంటే మిగతా పని మోకాలు చేస్తోందన్నమాట.

పాతకాపు: తుంటి అంత వదులైన వాళ్లకు సరే. ఏడాది సాధనకు నేను ఆ సలహా ఇవ్వను.

రెండుపట్టాలు: అడుగు వెడల్పు ఎవరూ అడగలేదే! నా మడమలు రెండూ ఒకే గీత మీద పడేవి, తాడు మీద నడిచినట్టు. తూలిపోకుండా ఆపుకోవడానికి మోకాలు లోపలికి వాలేది. మడమల మధ్య అడ్డంగా భుజాలంత ఎడం ఉంచాక సర్దుకుంది.

నిదానమే: ఫోనులో తీసుకుని చూశాను. సిగ్గుగా ఉంది, మూడు తప్పులూ ఉన్నాయి. వెడల్పు సరిచేస్తే లాగడం బాగా తగ్గింది. ‘మేఘ హస్తాలు’ అనే భంగిమ చేసేటప్పుడు మాత్రం ఎడమ మడత అసలు పడటం లేదు.

మూడోకన్ను: చేతులు వదిలేసి నడుము ఒక్కటే తిప్పుతూ చేయండి, వారం రోజులు. మోకాలు వాచినా, పట్టేసినా ఇక్కడ అడగకండి, వైద్యుడికి చూపించండి.